మంచు పడని ఆదిలాబాద్‌లో మంచుయుగం ఏం చేసింది? కప్పల జీన్స్ చెప్పే కథ



ఈ ఎపిసోడ్ కప్పల మీద. అవును, కప్పలే, నవ్వకండి. మన దిక్కు వానలు లేటయితే కప్పతల్లి ఆడుతరు కదా. రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, పిల్లలు ఇల్లిల్లూ తిరుగుతుంటే ఆడోళ్లు బిందెలతో నీళ్లు పోస్తరు. వానకీ కప్పకీ సంబంధం ఉందని మన పెద్దోళ్లకి ఎప్పటినుంచో తెలుసు. నేను చెప్పబోయేది కూడా ఆ సంబంధం గురించే. కాకపోతే ఒక్క సీజన్‌ది కాదు, లక్షల ఏళ్లది.

ముందు ఫోన్‌లో మ్యాప్ ఓపెన్ చేయండి. గోదావరికి దక్షిణాన ఉమ్మడి కరీంనగర్, ఉత్తరాన ఉమ్మడి ఆదిలాబాద్. మధ్యలో రాయపట్నం బ్రిడ్జి. ఇటు ధర్మపురి దగ్గర పొలంలో ఒక బోదురు కప్ప, అటు లక్సెట్టిపేట దగ్గర పొలంలో ఇంకో బోదురు కప్ప. చూస్తే ఒకటే రంగు, ఒకటే సైజు, ఒకటే అరుపు. మరి లోపల డీఎన్‌ఏ కూడా ఒకటేనా? రెండు కుటుంబాలు ఎప్పుడైనా విడిపోయాయా? విడిపోతే ఎప్పుడు, ఎందుకు?

ఇట్లాంటి ప్రశ్నలకు ప్రపంచమంతటా దొరుకుతున్న జవాబుల్లో రెండు పేర్లు మళ్లీ మళ్లీ వస్తాయి. ఒకటి కొండలు పుట్టడం, రెండోది మంచుయుగాలు. మీరు అనొచ్చు, "అన్నా, మన దగ్గర హిమాలయాలు లేవు, మంచు లేదు. ఆదిలాబాద్ ఏజెన్సీల జనవరిలో 5, 6 డిగ్రీలు పడితేనే పేపర్ల హెడ్‌లైన్" అని. నిజమే. అందుకే ఈ కథ ఇంట్రెస్టింగ్. మంచు పడని చోట కూడా మంచుయుగం పని చేసింది. మన దగ్గర అది మంచు రూపంలో రాలేదు, కరువు రూపంలో వచ్చింది.

కప్పనే ఎందుకు పట్టుకున్నాం?

పులి రాత్రికి రాత్రి ఇరవై కిలోమీటర్లు నడుస్తది. కొంగ ఎగురుతది. కప్పకు ఆ సౌకర్యం లేదు. అది ఊపిరితిత్తులతోనే కాదు, చర్మంతో కూడా గాలి పీలుస్తుంది. చర్మం తడిగా ఉండాలి. ఎండిన నేల మీద ఎక్కువ దూరం పోతే చస్తది. ఉప్పు నీళ్లు దాదాపు ఏ కప్పకీ పడవు. గుడ్లకు పెంకు ఉండదు, కాబట్టి గుడ్లకీ తేమ కావాలి. చాలా కప్పలు పుట్టిన నీళ్ల చుట్టుపక్కలే బతుకు ఎళ్లదీస్తాయి.

దీని వల్ల ఏమవుతది? రెండు చెరువుల మధ్య పొడి నేల పెరిగినా, పెద్ద లోయ వచ్చినా, కొండ లేచినా, అటూ ఇటూ కప్పల మధ్య సంబంధాలు తెగిపోతాయి. పిల్ల ఇటు నుంచి అటు పోదు. సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఈజీగా చెప్తా. ఒక రిపోజిటరీని ఇద్దరు ఫోర్క్ చేసుకున్నరు అనుకోండి. రోజూ మర్జ్ చేసుకుంటే కోడ్ ఒకటిగానే ఉంటది. మర్జ్ ఆగిపోయిందా, ఎవరి మార్పులు వాళ్లవే. కొన్నేళ్లకు రెండూ వేరే ప్రోగ్రామ్‌లు.

డీఎన్‌ఏ కాపీ అయిన ప్రతిసారీ అక్కడక్కడ చిన్న అక్షరదోషాలు పడతాయి. వాటినే మ్యుటేషన్లు అంటాం. రెండు గుంపులు విడిపోయాక ఎవరి అక్షరదోషాలు వాళ్ల దగ్గరే పోగవుతాయి. తేడాలు లెక్కపెడితే సుమారుగా ఎప్పుడు విడిపోయారో అంచనా వేయొచ్చు. కమిట్ హిస్టరీ చదివినట్టే. కప్పల్లో సైంటిస్టులు దీనికోసం ఎక్కువగా మైటోకాండ్రియా డీఎన్‌ఏ వాడతారు. అది తల్లి నుంచే పిల్లలకు వస్తుంది, మార్పులు తొందరగా పోగవుతాయి. నేల ఎప్పుడు విడిపోయిందో, ఎప్పుడు కలిసిందో కప్ప ఒంట్లో రాసి ఉంటుందన్నమాట.

మన నేల మీద మంచు, నిజంగానే

ఇప్పుడు మన నేల సంగతి. మన దగ్గర మంచు లేదన్నాం కదా. ఒకప్పుడు ఉంది! పెన్‌గంగ, వార్ధా నదులు కలిసే చోటికి దగ్గర్లో, ఆదిలాబాద్ సరిహద్దుకి అవతల చంద్రాపూర్ వైపు ఇరాయి అనే ఊరుంది. అక్కడి సున్నపురాయి మీద గీతలు ఉన్నాయి. హిమానీనదం, అంటే కదిలే మంచుగడ్డ, అడుగున రాళ్లను ఈడ్చుకుంటూ పోతే పడే గీతలు అవి. 1875లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన ఫ్రాన్సిస్ ఫెడెన్ వాటి గురించి రాశాడు.

ఆ మంచు వయసు దాదాపు 30 కోట్ల ఏళ్లు. అప్పుడు ఇండియా దక్షిణ ధ్రువం వైపు, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాలతో అతుక్కుని ఉండేది. ఆ మహాఖండం పేరు గోండ్వానా. ఆ పేరు మన గోండుల నేల నుంచే వచ్చింది. జియాలజీ పుస్తకం ప్రపంచంలో ఎక్కడ తెరిచినా ఆ పేరు ఉంటది.

అప్పటికి కప్పలు ఇంకా పుట్టలేదు. కానీ ఉభయచరాలు ఉన్నాయి. ఉమ్మడి ఆదిలాబాద్‌లో మలేరి అనే ఊరి పేరు మీద ఒక రాతి పొర ఉంది, మలేరి ఫార్మేషన్. వయసు 20 కోట్ల ఏళ్లకు పైమాటే. అందులో ఒక పెద్ద ఉభయచరం శిలాజాలు దొరికాయి. చదునైన పెద్ద తల, చూడ్డానికి మొసలిలా ఉండేది. 1965లో దానికి మెటోపోసారస్ మలేరియెన్సిస్ అని పేరు పెట్టారు. 2018లో పరిశీలించి పాంథాసారస్ మలేరియెన్సిస్ అని మార్చారు. ఇప్పటి కప్పలకు అది సొంత తాత కాదు, దూరపు చుట్టం లాంటిది. డైనోసార్ అనగానే కోటసారస్ గుర్తుకొస్తది కదా, అది కూడా మన యామనపల్లి దగ్గరి నేలలో దొరికిందే. ఇక నుంచి ఈ పాంథాసారస్‌ని కూడా గుర్తుపెట్టుకోండి.

తర్వాత 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్ లావా పొంగింది. పశ్చిమ ఆదిలాబాద్ నల్లరేగడి నేలలు, పత్తి చేన్లు, ఆ లావా రాయి అరిగి వచ్చినవే. ఒక లావా పొరకీ ఇంకో పొరకీ మధ్య వేల ఏళ్లు గ్యాప్ ఉండేది. ఆ గ్యాప్‌లో చెరువులు ఏర్పడేవి, వాటిల్లో కప్పలు. ముంబై వర్లీ గుట్టలో అట్లాంటి చిన్న కప్పల శిలాజాలు బోలెడు దొరికాయి. రిచర్డ్ ఓవెన్ 1847లోనే వాటిని వర్ణించాడు. ఇప్పుడు వాటిని ఇండోబాట్రాకస్ అంటారు. అగ్నిపర్వతాల మధ్య కూడా కప్ప బతికింది, నీటి గుంట దొరికితే చాలు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ కావాలి.

కొండ గోడ కడుతది

ఇప్పుడు కొండల పని చూద్దాం. దీనికి మంచి ఉదాహరణ టిబెట్. ఇండియా పోయి ఆసియాకి గుద్దుకోవడం సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట మొదలైంది, నేల లేచింది. ఆ ప్రాంతంలో ముళ్ల కప్పలు అనే గుంపు ఉంది. మగవాటి ఒంటి మీద చిన్న చిన్న ముళ్లుంటాయి కాబట్టి ఆ పేరు. 2010లో చైనా సైంటిస్టు చె జింగ్ బృందం వాటి డీఎన్‌ఏ పోల్చి చూసి, కప్పల వంశం ఎక్కడెక్కడ చీలిందో చూస్తే టిబెట్, హిమాలయాలు లేచిన చరిత్ర కనిపిస్తుందని చూపించింది. కొండ లేచినకొద్దీ కప్పల కుటుంబం విడిపోయింది.

మన దేశంలో పశ్చిమ కనుమలు. అక్కడ బుష్ ఫ్రాగ్స్ అని చిన్న పొద కప్పలున్నాయి. కొన్ని బొటనవేలి గోరంత ఉంటాయి. వాటిలో తోకకప్ప దశ ఉండదు, గుడ్డులోంచి నేరుగా పిల్ల కప్పే బయటికొస్తది. అంటే చెరువు అవసరం లేదు, కానీ గాలిలో తేమ మాత్రం ఉండాల్సిందే. బెంగళూరు ఐఐఎస్‌సీకి చెందిన ఎస్.పి. విజయకుమార్, కార్తీక్ శంకర్ బృందం కనుమల పొడవునా వీటిని సేకరించి, 2016లో ఫలితాలు ప్రచురించింది. మంచుయుగాలా, ఎత్తులో తేడాలా, పాలక్కాడ్ లాంటి పెద్ద లోయలా, ఏది ఈ కప్పలను ఇన్ని రకాలుగా విడగొట్టింది అన్నది వాళ్ల ప్రశ్న. జవాబు: ఒక్కటి కాదు, మూడింటికీ వాటా ఉంది.

అక్కడ మంచుయుగం అన్న మాట వచ్చింది చూశారా? కేరళ, కర్ణాటక కొండల మీద హిమానీనదాలు లేవు. మరి ఎట్లా?

మంచుయుగం తలుపు తీసి మూస్తది

గత 26 లక్షల ఏళ్లుగా భూమి చల్లబడుతూ, వేడెక్కుతూ ఉంది. చివరిసారి చలి పీక్‌కి వెళ్లింది సుమారు 20 వేల ఏళ్ల కిందట. ఉత్తర యూరప్, కెనడా మీద కిలోమీటర్ల మందం మంచు. అంత నీళ్లు మంచులో ఇరుక్కుంటే సముద్రమట్టం దాదాపు 120 మీటర్లు దిగిపోయింది.

యూరప్‌లో ఏమైందో గాడ్‌ఫ్రీ హెవిట్ అనే సైంటిస్టు 2000లో నేచర్ పత్రికలో వివరించాడు. మంచు వచ్చినప్పుడు జీవులు స్పెయిన్, ఇటలీ, బాల్కన్ లాంటి దక్షిణ మూలల్లో తలదాచుకున్నాయి. మంచు కరిగాక కొన్ని మాత్రమే ఉత్తరానికి తిరిగి వెళ్లాయి. అందుకే అక్కడ దక్షిణాన జీన్ రకాలు ఎక్కువ, ఉత్తరాన తక్కువ. చాలా మంది దగ్గరున్న సామానులోంచి నాలుగు సంచులే తీసుకుని కొత్త ఊరికి పోతే ఎట్లుంటదో అట్లన్నమాట.

మన దగ్గర సముద్రం చల్లబడి, రుతుపవనాలు బలహీనపడ్డాయి. వాన తగ్గితే అడవి చిక్కిపోతది, గడ్డి భూములు పెరుగుతాయి. తేమ కావాల్సిన కప్పలు ఏం చేస్తాయి? ఎత్తైన కొండలు, జలపాతాల పక్క లోయలు, ఎండాకాలం కూడా ఊట ఆగని చోట్లకు పరిమితమవుతాయి. మిగతా చోట్ల చచ్చిపోతాయి. ఇవే ఆశ్రయాలు. ఒక్కో ఆశ్రయంలో ఒక్కో గుంపు, వేల ఏళ్లు వేరుగా. మళ్లీ వాన పెరిగితే అడవి పరుచుకుంటది, కొన్ని గుంపులు కలుస్తాయి. కొన్ని అప్పటికే ఎంత మారిపోయాయంటే, ఎదురుపడ్డా జత కట్టవు. కొండ గోడ కడితే, వాతావరణం ఆ గోడలో తలుపు తీసి మూస్తూ ఉంటది.

ఇక మన గోదావరి

ఇప్పుడు ఇంటికి వద్దాం. 2013లో తూర్పు కనుమల్లో, ఆంధ్రప్రదేశ్, ఒడిశా కొండల్లో, సుమారు 1,200 మీటర్ల ఎత్తున ఒక కొత్త జీవిని వర్ణించారు. పేరు గెజెనియోఫిస్ ఓరియెంటాలిస్. చూస్తే వానపాము అనుకుంటారు. కానీ దానికి వెన్నెముక ఉంది, పళ్లున్నాయి. కాళ్లు లేని ఉభయచరం అది, సిసీలియన్ అంటారు. మట్టి లోపలే బతుకు. ద్వీపకల్ప భారతంలో గోదావరికి ఉత్తరాన రికార్డు అయిన మొదటి సిసీలియన్ అదే.

ఇప్పుడు ఆలోచించండి. దాని దగ్గరి చుట్టాలన్నీ ఎక్కడున్నాయి? పశ్చిమ కనుమల్లో. మధ్యలో వందల కిలోమీటర్ల పొడి దక్కన్ పీఠభూమి. మట్టిలో దూరే, కాళ్లు లేని జీవి తెలంగాణ ఎండలో అంత దూరం నడిచి రాలేదు కదా! అంటే ఒకప్పుడు మధ్యలో తడి ఉండి ఉండాలి. ఆ తడి పోయాక రెండు అంచుల్లో రెండు ముక్కలు మిగిలాయి అన్నదే దీనికి సహజమైన వివరణ. అట్లా చూస్తే మన జిల్లాలు ఆ మధ్యలో ఎండిపోయిన భాగం.

ఈ "తడి దారి" ఆలోచన కొత్తది కాదు. 1940ల్లో సుందర్ లాల్ హోరా అనే చేపల శాస్త్రవేత్త, తూర్పు హిమాలయాల వైపు కొండవాగు చేపలు వింధ్య, సాత్పురా కొండల మీదుగా పశ్చిమ కనుమలకు చేరాయని ప్రతిపాదించాడు. మంచుయుగాల వాతావరణమే ఆ దారి తెరిచిందన్నాడు. దాన్ని సాత్పురా సిద్ధాంతం అంటారు. సాత్పురాలు మన ఆదిలాబాద్‌కి ఉత్తరాన, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర వైపు ఉంటాయి. 2003లో ప్రవీణ్ కారంత్ ఒక పాయింట్ లేవనెత్తాడు. అందరికీ ఒకే కథ అంటించొద్దు, ఒక్కో జీవి వంశవృక్షం గీసి పరీక్షించాలి అని. కరెక్ట్. డీబగ్గింగ్‌లో కూడా గెస్ చేస్తే సరిపోదు, లాగ్స్ చూడాలి.

మరి మన నేల నిజంగా ఎండిందా? దీనికి లాగ్ ఫైల్ గోదావరే రాసింది. మన ఆకులు, మట్టి వానకు కొట్టుకుపోయి గోదావరిలో, అక్కడి నుంచి బంగాళాఖాతంలో పడతాయి, అడుగున పొరలు పొరలుగా పేరుకుంటాయి. గోదావరి ముఖం దగ్గర సముద్రం అడుగున తీసిన మట్టి స్తంభంలో ఆకుల మీది మైనాన్ని కమిలో పోంటన్, లివియు జ్యోసాన్ బృందం పరీక్షించింది. 2012లో వచ్చిన ఫలితం ఇది: సుమారు 4,000 ఏళ్ల కిందటి నుంచి 1,700 ఏళ్ల కిందటి వరకు గోదావరి పరీవాహకంలో పొడిని తట్టుకునే మొక్కలు పెరుగుతూ వచ్చాయి, ఆ తర్వాత కూడా అట్లనే ఉండిపోయాయి. అంటే మంచుయుగం అయిపోయాక కూడా మన దక్కన్ ఎండుతూనే వచ్చింది.

ఆ ఎండకి తట్టుకున్నవే ఇప్పుడు మన పొలాల్లో అరుస్తున్నాయి. కొన్ని ఇసుకలో, మట్టిలో గుంత తవ్వుకుని నెలల తరబడి పడుకుంటాయి, మొదటి వానకు బయటికొస్తాయి. కొన్ని బండ సందుల్లో ఉంటాయి. గుంథర్ 1876లో పేరు పెట్టిన డట్టాఫ్రైనస్ హోలోలియస్ అనే గోండ్రు కప్ప చాలా కాలం కనిపించలేదు. 2011లో మన నాగార్జునసాగర్ దగ్గర మళ్లీ దొరికినట్టు ప్రచురించారు. అది రాతి నేలల జీవి. మనం ఉత్త బండ అనుకునేది దానికి ఇల్లు.

ఇప్పుడు ఎందుకు పట్టించుకోవాలి?

ఇక్కడే అసలు విషయం. జన్యు వైవిధ్యం అంటే బ్యాకప్. ఒక గుంపులో రకరకాల జీన్ వెర్షన్లు ఉంటే, కొత్త రోగం వచ్చినా, ఎండ పెరిగినా, ఎవరో ఒకరు తట్టుకుంటారు. అందరూ ఒకే కాపీ అయితే ఒక్క బగ్‌కి అందరూ క్రాష్. ప్రపంచంలో ఉభయచరాల్లో దాదాపు 41 శాతం జాతులు అంతరించే ముప్పులో ఉన్నాయని 2023లో నేచర్‌లో వచ్చిన అంచనా. పక్షులు, క్షీరదాల కంటే ఇదే ఎక్కువ.

మంచుయుగం కరువులను ఈ జీవులు దాటాయంటే ఆశ్రయాలు ఉండబట్టి. వర్లీ కప్ప గుర్తుందా? లావా మధ్య నీటి గుంట. మన దగ్గర ఆ గుంటలు ఏవి? కరీంనగర్ చుట్టూ గ్రానైట్ గుట్టలు. వాటి సందుల్లో నీడ, తేమ, వాన నీళ్లు నిలిచే దొనలు. ఆ గుట్టలనే పేల్చి, కోసి, పాలిష్ పట్టి లారీల్లో ఎక్కిస్తున్నాం. ఆదిలాబాద్‌లో సత్మల కొండలు, నిర్మల్ గుట్టలు, కవ్వాల్ అడవి, కుంటాల లాంటి జలపాతాల చుట్టూ తేమ లోయలు. ఇవి పోతే మళ్లీ మొలవవు. గ్రానైట్ గుట్టకి రీస్టోర్ బటన్ లేదు.

మనుషులు కట్టిన ఆశ్రయాలు కూడా ఉన్నాయి. కాకతీయుల కాలం నుంచి వచ్చిన గొలుసుకట్టు చెరువులు. ఒక చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకి పోతది. నా లెక్క ప్రకారం పొడి దక్కన్‌లో కప్పలకు ఇది నెట్‌వర్క్ కేబుల్. ఒక చెరువు పిల్ల ఇంకో చెరువుకి పోయే దారి. మధ్యలో కాలువ పూడ్చి ప్లాట్లు చేస్తే, పెద్ద మంచుయుగం చేసిన పని మనం ఒక్క వెంచర్‌తో చేసినట్టు. తలుపు మూసేసినం. కాకపోతే మంచుయుగం తలుపు మళ్లీ తెరిచింది, రియల్ ఎస్టేట్ తెరవదు.

మరి మనమేం చేయొచ్చు? మూడే మూడు.

ఒకటి, తొలకరి పడ్డ రాత్రి ఫోన్ రికార్డర్ ఆన్ చేయండి. మగ కప్పల అరుపు జాతి జాతికీ వేరు. ఫోటో, ఆడియో, ఊరు, తేదీతో ఐనాచురలిస్ట్‌లో గానీ ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లో గానీ పెట్టండి. డీఎన్‌ఏ తీసే సైంటిస్టుకు ముందు "ఎక్కడ ఉంది" అన్నది తెలియాలి. ఆ డేటా మన జేబులోనే ఉంది.

రెండు, కప్పలను ఒక చోటి నుంచి ఇంకో చోటికి తీసుకుపోయి వదలకండి. ప్రేమతో అయినా సరే. మన బోదురు కప్పే అండమాన్ దీవులకు చేరి అక్కడ సమస్యగా మారింది. దాని తోకకప్పలు అక్కడి కప్పల తోకకప్పలను తినేస్తాయి. ఇక్కడ మనకు చుట్టం, అక్కడ దొంగ.

మూడు, మీ ఊరి చెరువు కాలువ, మీ ఊరి గుట్ట మ్యాప్ మీద ఎక్కడున్నాయో చూసి పెట్టుకోండి. గ్రామసభలో క్వారీ మాట, వెంచర్ మాట వస్తే "అక్కడ ఏం బతుకుతున్నాయో రాసి పెట్టారా?" అని ఒక్క ప్రశ్న అడగండి.

రాయపట్నం బ్రిడ్జికి ఇటూ అటూ ఉన్న ఆ రెండు కప్పల ప్రశ్నకు జవాబు ల్యాబ్‌లో దొరుకుతది. కానీ ల్యాబ్ దాకా పోవాలంటే రెండు కప్పలూ బతికి ఉండాలి. అది మన చేతిలో పని.

మీ ఊర్లో కప్పల పేర్లు ఏమేం ఉన్నాయో కామెంట్‌లో పెట్టండి. గోండి, కొలామి పేర్లు తెలిసినవాళ్లు తప్పకుండా రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో వాటన్నిటినీ చదువుతా.